తెరమీది యాటలందు బొమ్మల వేగము



గత వేసవిలో మా బంధువుల గ్రామమున జరిగిన యొక చిన్న తగవుతో ఈ ప్రసంగమును ప్రారంభింతును. మధ్యాహ్నవేళ పదునాలుగేండ్ల బాలుడొకడు వీధియరుగుపై గూర్చుండి చేతిఫోనులో కారుపందెపు ఆట యాడుచుండెను. ప్రతి మలుపునొద్దను వాని కారు గోడకు తగులుచుండెను. ప్రక్కనున్న తాతగారు చూచి చూచి, "నీకు చేతగాదురా, కట్టిపెట్టు" అని నవ్విరి. బాలుడు చిన్నబుచ్చుకొని, "నేను సరిగ్గానే నొక్కుతున్నాను తాతయ్యా, ఫోనే ఆలస్యంగా వింటున్నది" అనెను. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనుకటికి నీవంటివాడే" అని తాతగారు మందలించిరి. బాలుని మేనమామ మాత్రము, పట్టణపు దుకాణమున సెకండునకు 120 బొమ్మలు చూపు ఫోను వచ్చినదనియు, అది కొనిపెట్టినచో చిక్కు తీరుననియు జెప్పెను. అది విని తాతగారికి మఱింత కోపము వచ్చెను. తుదకు ముగ్గురును నావైపు చూచిరి.

నేనప్పుడు తీర్పు చెప్పలేదు. ఏలనగా మువ్వురి మాటలలోను కొంత సత్యము కలదు, కొంత పొరపాటును గలదు. వానిని వేఱుచేసి చూపుటకు దాదాపు రెండువందల యేండ్ల చరిత్ర చెప్పవలసియుండెను. ఆ చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

ఎద్దుబండి తోలినవారికి ఇందలి మూలసూత్రము సులభముగ బోధపడును. బండి కుదుపులేక సాగుట యొక గుణము. పగ్గము లాగినంతనే ఎద్దు తిరుగుట వేఱొక గుణము. మెత్తని దారిని బండి ఎంతయో సాఫీగ సాగవచ్చును. కాని ఎద్దు పగ్గమునకు లోబడనిచో ఆ సాఫీ నడకయే మనలను సాఫీగ కాలువలోనికి దింపును. తెరమీది యాటలందును ఈ రెండు గుణములే కలవు. కంటికి కదలిక నునుపుగ దోచుట మొదటిది. చేతియాజ్ఞకు బొమ్మ వెంటనే లోబడుట రెండవది. ఈ రెండును, తెరపై సెకండునకు ఎన్ని బొమ్మలు మాఱుచున్నవను నొక్క లెక్కపై చాలవఱకు ఆధారపడియున్నవి. ఆ లెక్కను ఇంగ్లీషువారు ఫ్రేము రేటు అందురు. మనము బొమ్మల వేగమని చెప్పుకొందము. మూలమొక్కటే యగుటచేత రెండు గుణములును ఒక్కటే యని తలచుట లోకమున సాధారణమైన పొరపాటు. ఆ పొరపాటు ఎట్లు పుట్టెనో, ఎట్లు బయటపడెనో చూతము.

కదలని వానినుండి కదలికను పుట్టించు చమత్కారము మన పెద్దలకు క్రొత్తది కాదు. చీకటిలో కొఱవిని గిఱగిఱ త్రిప్పినచో నిప్పుచక్రము కనబడును. దానికి అలాతచక్రమని పేరు. గౌడపాదాచార్యులు తమ మాండూక్య కారికలందలి నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరిడి, ఈ దృష్టాంతమునే తత్త్వబోధకు వినియోగించిరి. నిప్పు ఏ క్షణమునందైనను ఒక్కచోటనే యుండును; చక్రమున్నదని తోచుట చూచువాని లోపల జరుగు వ్యాపారము.

ఈ వ్యాపారమును యంత్రముగ మార్చినవారిలో మొదటివాడు బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో. ఆయన 1832లో గుండ్రని అట్టపై ఒకదానికొకటి కొంచెము భేదించు బొమ్మలను వరుసగ గీసి, అట్టయందు సన్నని చీలికలు గోసి, అద్దమునెదుట దానిని త్రిప్పెను. చీలికలగుండ చూచినవారికి బొమ్మ కదలినట్లు తోచెను. లోకపు కన్నులకు ఇంతటి వినోదము గూర్చిన ఆ పండితునికి 1843 నాటికి చూపు పూర్తిగ పోయినది. పిమ్మట 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోయందు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగ నిలిపిన కెమేరాలతో పరుగెత్తు గుఱ్ఱమును పటములు తీసి, దాని నాలుగు గిట్టలును ఒక్కమాఱే నేలను వదలు క్షణము కలదని నిరూపించెను.

1895 డిసెంబరు 28వ తేదీని పారిసు నగరమున లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదలుబొమ్మలను ప్రదర్శించిరి. 1896 జూలై 7వ తేదీకే ఆ వినోదము బొంబాయిలోని వాట్సన్ హోటలునకు వచ్చెను. వారి యంత్రము సెకండునకు సుమారు 16 బొమ్మలు చూపుచుండెను. పిడిని చేతితో త్రిప్పుటచే ఆ వేగము త్రిప్పువాని చేతినిబట్టి మాఱుచుండెను. 1926, 1927 సంవత్సరములలో మాటలాడు చిత్రములు వచ్చుటతో ఆ స్వేచ్ఛ తీరినది. కన్ను ఓర్చుకొనునుగాని చెవి యోర్వదు; వేగము మాఱినచో పాట శ్రుతి తప్పును. కావున సెకండునకు 24 బొమ్మలని లెక్క స్థిరపడెను. 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' మొదలు మన తెలుగు టాకీలకును ఇదియే లెక్క.

డేరా సినిమాలలో యంత్రమునొద్ద గూర్చున్నవారు కటకమునెదుట తిరుగు ఱెక్కను చూచియుందురు. ఆ ఱెక్క ఒక్కొక్క బొమ్మను రెండు లేక మూడు మాఱులు వెలిగించి ఆర్పును. కావున బొమ్మలు 24 అయినను వెలుగులు 48 లేక 72 అగును. ఇట్లు చేయనిచో తెర మిణుకుమిణుకుమని కన్నులు నొప్పిపెట్టును. ఇందువలన నొక్క సంగతి తెలియుచున్నది. మిణుకు పోవుటకు కావలసిన వేగము వేఱు, కదలిక తోచుటకు కావలసిన వేగము వేఱు. కంటిలో పాత బొమ్మ ముద్ర నిలుచుటచే కదలిక తోచునని పూర్వము చెప్పుచుండిరి. 1912లో జర్మనీయందు మాక్స్ వెర్ట్‌హైమర్ ప్రకటించిన పరీక్షల తరువాత, కదలికను కల్పించునది మనస్సేయను భావము బలపడెను.

24 బొమ్మలే చిత్రమునకు చాలుటకు రెండు కారణములు కలవు. కెమేరా తీసిన బొమ్మయందు కదలు వస్తువు కొంచెము అలికినట్లు పడును. ఆ యలుకుడు ఒక బొమ్మకును మఱియొక బొమ్మకును నడుమ వంతెనవలె పనిచేయును. రెండవ కారణము ముఖ్యమైనది. చిత్రము చూచువాడు తెరకు ఏ యాజ్ఞయు ఈయడు. ప్రహ్లాదుని కుడివైపునకు త్రిప్పుమని యెవ్వరును తెరను అడుగరు. పగ్గమే లేని బండికి విధేయత పరీక్ష లేదు.

ఆటలకు తెరను ఇచ్చినది టెలివిజను. ఇంగ్లాండులో 1936 నవంబరునందు బి.బి.సి. వారు లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునుండి ప్రసారములు ప్రారంభించినప్పుడు సెకండునకు 50 అరబొమ్మలు, అనగా 25 నిండుబొమ్మలు పంపిరి. 1941లో అమెరికావారు సెకండునకు 60 అరబొమ్మల పద్ధతిని నిర్ణయించుకొనిరి. ఈ భేదమునకు మూలము విద్యుచ్ఛక్తి. ఇంగ్లాండులో విద్యుత్ప్రవాహము సెకండునకు 50 మాఱులు ఊగును, అమెరికాలో 60 మాఱులు. తెరవేగమును ఆ యూపుతో కలుపనిచో బొమ్మపై చారలు ప్రాకును. మన దేశమున విద్యుత్తు 50 లెక్కదే కావున, 1959లో ఢిల్లీయందును 1977లో హైదరాబాదునందును వచ్చిన టెలివిజనునకు 50 లెక్కయే పట్టినది. దీపము కొఱకు ఏర్పడిన ఈ భేదము పిదప పిల్లల యాటలను ఎట్లు బాధించెనో చెప్పెదను.

1958 అక్టోబరునందు న్యూయార్కు సమీపముననున్న బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో సందర్శకుల వినోదార్థము విలియం హిగిన్‌బోథమ్ అను శాస్త్రజ్ఞుడు అయిదంగుళముల గాజుతెరపై టెన్నిసు ఆటను కూర్చెను. చుక్క బంతిగ ఎగురుచుండగా జనులు వరుసగ నిలుచుండి ఆడిరి. తెర వినోదము పుట్టి అఱువదేండ్లు దాటిన పిదప సామాన్యుడు తన చేతితో తెరమీది వస్తువును కదల్చిన తొలి సందర్భములలో ఇది యొకటి. 1972లో అటారీ కంపెనీవారు పాంగ్ అను ఆటను పెట్టెలో బిగించి అంగళ్ళలో నుంచిరి. అందు ఆటను నడపు ప్రోగ్రామేమియు లేదు. తెరపై వెలుగును గీయు కిరణముతో పాటుగనే లెక్కపెట్టు విద్యుత్పరికరములు మాత్రమే కలవు. ఆటయు తెరయు ఒకే లయలో నడచినవి. చేయి త్రిప్పినంతనే బద్ద కదలెడిది. ఆనాడు కంటి నునుపును చేతి విధేయతయు ఒక్కటే యని తలచుట పొరపాటుగ తోచలేదు.

చిక్కు కంప్యూటరుతో వచ్చినది. కంప్యూటరు బొమ్మను గీయుటకు ముందు ఆలోచింపవలెను. ఆలోచనకు కాలము పట్టును. 1978లో జపానునందు టైటో కంపెనీకి చెందిన తొమొహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' అను ఆటను రచించెను. పైనుండి దిగివచ్చు శత్రువులు 55 మంది. ఆనాటి యంత్రమునకు అందఱిని ఒక్కమాఱు కదల్చు శక్తి లేదు. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్కని మాత్రమే అది కదల్చుచుండెను. తెర సెకండునకు 60 మాఱులు మాఱునది కావున 55 మందికిని వంతు వచ్చుటకు దాదాపు సెకండు పట్టెడిది. శత్రువులు చచ్చినకొలది మిగిలినవారికి వంతు త్వరగ వచ్చి వారి నడక పెరిగెడిది. కడపటివాడు గాలివలె పరుగెత్తెడివాడు. యంత్రపు బలహీనతచే పుట్టిన ఈ గుణమును నిషికాడో అట్లే యుంచెను. ఆడువారికి గుండెలు దడదడలాడినవి, ఆట ప్రపంచప్రసిద్ధమైనది. బొమ్మల లెక్క ఆట యొక్క స్వభావమునే మార్చగలదని ఇందు తేటపడినది.

ఇక 50కిని 60కిని గల భేదము. 1980 తరువాత జపాను కంపెనీలు ఇంటి టెలివిజనునకు తగిలించు ఆటపెట్టెలను ప్రపంచమంతట అమ్మిరి. జపానునందును అమెరికాయందును తెర 60 లెక్కది. పెక్కు ఆటలలో ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క అడుగని ప్రోగ్రాము వ్రాయబడెను. ఆ యాటనే మార్పులేక యూరపులోని 50 లెక్క తెరపై నడిపినచో, అందలి నడకయు పాటయు ఆఱవవంతు మందగించును. గంటలో ముగియు ఆట గంటా పండ్రెండు నిమిషములు పట్టును. 1991లో వేగమునకే పేరుపొందిన 'సోనిక్' ఆట సహితము ఇంగ్లాండు పిల్లలకు ఇట్లే మందముగ లభించెను. పెక్కుమంది బాలురు తాము చూచుచున్నది మందగించిన రూపమని యెఱుగక పెద్దవారైరి. సరిపోల్చి చూచుటకు రెండవది కంటబడనివానికి లోపము లోపమని తెలియదు. మన బాలుని మాటను కొట్టివేయుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

ఇచ్చట ఆలస్యము ఎట్లు పుట్టునో కొంచెము నిదానముగ వివరించెదను. మీ గ్రామపు తపాలా పెట్టెను తలచుకొనుడు. దానిని రోజునకు ఒక్కమాఱే తెఱచుచుందురనుకొందము. తెఱచి వెళ్ళిన మఱుక్షణమున మీరు వేసిన ఉత్తరము మఱునాటివఱకు కదలదు. రోజునకు నాలుగు మాఱులు తెఱచినచో అదే యుత్తరము కొన్ని గడియలలో బయలుదేరును. ఆట యంత్రముకూడ మీ వ్రేలినొక్కును ఎల్లప్పుడు చూచుచుండదు. సాధారణముగ ఒక్కొక్క బొమ్మ మొదలిడునప్పుడు ఒక్కమాఱు చూచును. నొక్కును తీసికొనినపిమ్మట లెక్క గట్టుటకు కొంత, బొమ్మ గీయుటకు కొంత, తెర దానిని అందుకొని చూపుటకు కొంత, ఇట్లు మజిలీలు కలవు. మొత్తము రెండు మూడు బొమ్మల కాలము పట్టుట సామాన్యము. తెరకును వ్రేలిస్పర్శకును గల సొంత ఆలస్యములు వీనికి అదనము.

లెక్కలు చూడుడు. సెకండునకు 30 బొమ్మలైనచో ఒక్క బొమ్మ కాలము సెకండులో వేయవ వంతులు 33. మూడు బొమ్మలకు 100, అనగా సెకండులో పదియవ వంతు. 60 బొమ్మలైనచో అందు సగము, 50 మాత్రమే. ఆటలోని కారు గంటకు 180 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. అది సెకండునకు 50 మీటర్లు నడచును. సెకండులో పదియవ వంతు ఆలస్యమనగా, పిల్లవాడు త్రిప్పుమని చెప్పిన తరువాత కారు అయిదు మీటర్లు తిన్నగ పోయి పిమ్మట తిరుగుట తెరపై కనబడును. 60 బొమ్మల వేగమున ఆ దూరము రెండున్నర మీటర్లు. మలుపునొద్ద గోడకు తగులుటకును తప్పించుకొనుటకును ఆ రెండున్నర మీటర్లు చాలును.

మనుష్యుడు ఏదైన చూచి చేయి కదల్చుటకే సెకండులో అయిదవ వంతు పట్టును గదా, అంతకంటె చిన్నదైన ఈ యాలస్యము లెక్కకు వచ్చునా యని కొందఱు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. యంత్రపు ఆలస్యము మనుష్యుని ఆలస్యములో కలిసిపోవునది గాక, దానిపై కూడునది యని మొదటి సమాధానము. రెండవది, నేర్చినచేయి చూచి కదలదు. ముందుగ ఊహించి కదలును. మృదంగవిద్వాంసుడు తాళపు దెబ్బ విని తరువాత వాయింపడు, దెబ్బతోపాటే వాయించును. అట్టివానికి తన వాద్యధ్వని పదియవ వంతు సెకండు వెనుకబడి వినవచ్చినచో కచేరి చెడిపోవును. ఆలస్యము సమముగ నున్నచో కొంతవఱకు అలవాటుపడవచ్చును. ఒకప్పుడు 60, ఒకప్పుడు 25 అయినచో ఏ నేర్పును నిలువదు. అందువలననే అస్థిరమైన 60 కంటె నిలకడయైన 30 మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. తాళము మందమైనను పాడవచ్చును. తాళము తప్పినచో పాడలేము.

1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్' రెండవ ఆట మొదలు కుస్తీ ఆటలందు ఆడువారు కాలమును సెకండులలోగాక బొమ్మలలోనే లెక్కపెట్టుట నేర్చిరి. ఏ దెబ్బ ఎన్ని బొమ్మలకు తగులును, ఎన్ని బొమ్మలకు చేయి వెనుకకు వచ్చును అను పట్టికలను కంఠస్థము చేసినవారు కలరు. అట్టి యాటలకు సెకండునకు 60 బొమ్మలు ధర్మసూత్రమువంటివి. ఒక్క బొమ్మ తప్పినను ఆటలోని న్యాయము తప్పును.

లోతుగల లోకమును చూపు ఆటలు వచ్చుటతో ఈ సూత్రమునకు పెద్ద పరీక్ష వచ్చెను. 1993 డిసెంబరునందు ఇడ్ సాఫ్ట్‌వేర్ వారు విడుదల చేసిన 'డూమ్' ఆట సెకండునకు 35 బొమ్మలకే కట్టుబడియుండెను. అది ఆనాటి తెరవేగమైన 70లో సగము. 1998లో నింటెండో కంపెనీవారి యొక్క పెట్టెమీదనే రెండు ఆటలు వచ్చినవి. ఒకటి 'ఆకరీనా ఆఫ్ టైమ్' అను కథాప్రధానమైన ఆట. అందు విశాలమైన మైదానములు, కోటలు, పాత్రలు చూపుటకై బొమ్మల వేగమును 20కి దింపిరి. రెండవది 'ఎఫ్-జీరో ఎక్స్' అను పందెపు ఆట. అందు 30 వాహనములను ఒక్కమాఱు పరుగెత్తించుచు 60 బొమ్మల వేగమును నిలిపిరి. అందుకు ప్రతిగ వాహనముల నగిషీలను, పరిసరముల సొంపును తగ్గించిరి. రెండును మెప్పు పొందినవి. కథ చూచువాడు సొంపునకై మందగమనమును సహించును; పందెమాడువాడు వేగమునకై సొంపును వదలుకొనును. ఉన్న శక్తిని ఎచ్చట వెచ్చింపవలెనను నిర్ణయము ఆట స్వభావమునుబట్టి యుండవలెను. ఒకే మదుపుతో చెఱకును వరియు పండింపలేము గదా!

ఈ విషయమును పరీక్షించి చూచినవారును గలరు. అమెరికాలోని వొర్సెస్టర్ పాలిటెక్నిక్ విద్యాలయమునకు చెందిన మార్క్ క్లేపూల్, 2007 ప్రాంతమున ప్రకటించిన పరిశోధనలలో, గుఱిచూచి కాల్చు ఆటలందు బొమ్మ సూక్ష్మతను తగ్గించుటకంటె బొమ్మల వేగమును తగ్గించుటయే ఆటగాని నేర్పును ఎక్కువగ చెఱచునని చూపెను.

వేగమునుగూర్చిన వింతలును గలవు. 1999లో వచ్చిన 'క్వేక్' మూడవ ఆటలో, యంత్రము దూరమును ఎత్తును లెక్కగట్టునప్పుడు భిన్నములను తీసివేయు తీరువలన, సెకండునకు 125 బొమ్మలు నడుచు యంత్రముపై ఆడువాడు తక్కినవారికంటె కొంచెము ఎత్తుగ ఎగురగలిగెను. మంచి యంత్రము గలవాడు మంచి ఆటగాడుగ కనబడెను. పోటీ పందెములందు ధనము చేతులు మాఱు ఈ దినములలో ఇది చిన్న విషయము కాదు. పందెపుకోళ్ళలో ఒకదానికి మాత్రము కత్తి కట్టినట్లుండును.

2013లో ఎన్‌విడియా కంపెనీవారు తెరయే యంత్రముకొఱకు వేచియుండు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అంతకుముందు తెర తన లయను తాను మార్చుకొనక నడచెడిది. బొమ్మ సిద్ధము కాకున్నచో పాత బొమ్మనే మఱల చూపి ఆట కుంటెడిది. లేదా సగము పాతది, సగము క్రొత్తదిగ బొమ్మ చీలెడిది. క్రొత్త పద్ధతియందు బొమ్మ సిద్ధమైనప్పుడే తెర మాఱును. 2016లో కన్నులకు కట్టుకొను తెరలు ఇండ్లలోనికి వచ్చినవి. వానికి 90 బొమ్మల వేగమును ఏర్పఱచిరి. తల త్రిప్పిన వెంటనే లోకము తిరుగకున్నచో మనుష్యునకు ఓడప్రయాణములోవలె కడుపు త్రిప్పును. అచ్చట ఆలస్యము ఆటకే గాక దేహమునకును బాధకరము.

2022లో మఱియొక చిత్రమైన మార్పు వచ్చెను. యంత్రము నిజముగ లెక్కగట్టిన రెండు బొమ్మల నడుమ, కృత్రిమబుద్ధి తానొక బొమ్మను ఊహించి చొప్పించుట ప్రారంభించెను. తెరపై 60 బొమ్మలు 120గ కనబడును. కన్నునకు నునుపు నిజముగనే పెరుగును. కాని ఆ నడిమి బొమ్మ మీ వ్రేలిమాట వినినది కాదు. పైగా దానిని కల్పించుటకు తరువాతి నిజమైన బొమ్మను కొంచెముసేపు ఆపియుంచవలెను. కావున చేతి విధేయత పెరుగకపోగా కొంచెము తగ్గవచ్చును. పాంగ్ నాడు ఒక్కటిగ పుట్టిన రెండు గుణములు ఇచ్చట స్పష్టముగ విడిపోయినవి. పెట్టెపై వ్రాసిన సంఖ్యను చూచి మురియువారు ఈ భేదమును మఱువరాదు.

సంఖ్య పెరిగినకొలది లాభము తగ్గుటయు నెఱుగవలెను. 30 నుండి 60కి పోయినచో ఒక్కొక్క బొమ్మకు వేయవ వంతులు దాదాపు 17 మిగులును. 60 నుండి 120కి పోయినచో 8 మాత్రమే. 120 నుండి 240కి పోయినచో 4 మాత్రమే. మొదటి ఎరువుబండి పొలమునకు చేయు మేలు నాలుగవ బండి చేయదు. పోటీలలో జీవనము చేయువారికి ఆ నాలుగును విలువైనవే. అరుగుమీద ఆడుకొను బాలునికి గావు.

ఇక తగవునకు వత్తము. నేను ఆ ఫోనును రెండుదినములు గమనించితిని. ఉదయము చల్లనివేళ ఆట బాగుగనే నడచెను. మధ్యాహ్నము ఎండవేడికి పావుగంటలో ఫోను కాలిపోవుచుండెను. వేడి మితిమీఱినప్పుడు ఫోను తన్ను తాను కాపాడుకొనుటకై పని వేగమును తగ్గించుకొనును. అప్పుడు బొమ్మలు తగ్గును, తాళము తప్పును, నొక్కు ఆలస్యముగ వినబడును. బాలుడు చెప్పినది అబద్ధము కాదు. మేనమామ చెప్పిన 120 బొమ్మల తెరయు అబద్ధము కాదు. ఐనను తెర 120 చూపగలిగినంత మాత్రమున లోపలి యంత్రము అన్ని బొమ్మలు గీయగలదని గాని, ఆ యాట అన్నింటిని అనుమతించునని గాని నిశ్చయము లేదు. పొరుగూరివానితో ఇంటర్నెట్టుమీద ఆడునప్పుడు తంతిదారిలో కలుగు ఆలస్యమును ఏ తెరయు తీర్పజాలదు.

అందుచేత 1998 నాటి పందెపు ఆట చెప్పిన పాఠమునే పాటించితిమి. ఆటలోని అమరికలను తెఱచి, నీడలను, నీటిమెఱుపులను, దూరపు చెట్ల సొంపును తగ్గించితిమి. బాలుని అరుగుమీదినుండి లోపలి చావడిలోనికి మార్చితిమి. పైస ఖర్చు కాలేదు. బొమ్మలు నిలకడగ నడచినవి. తాతగారు స్వయముగ ప్రక్కన గూర్చుండి లెక్కించిరి. పది మలుపులలో రెండింటియొద్ద మాత్రము కారు గోడకు తగిలెను.

"ఈ రెండును మద్దెలవా, నీవా?" అని తాతగారడిగిరి.

"ఆ రెండూ నావే తాతయ్యా" అని బాలుడు నవ్వెను.

పిల్లలు యంత్రముపై నింద మోపినప్పుడు వెంటనే నమ్మనక్కఱలేదు, వెంటనే కొట్టివేయనక్కఱలేదు. బండి కుదుపును చూడుడు, పగ్గమును లాగి చూడుడు. రెండును వేఱువేఱుగ పరీక్షించినపిమ్మట ఎద్దు తప్పెంతయో, తోలువాని తప్పెంతయో దానంతటదే తేలును.